ముప్పై రెండు బస్తాలు

తాగినవాడు కిందపడితే ముప్పై రెండు వడ్ల బస్తాల బరువు మీద పడినంత దెబ్బ తగులుతుందని, తాగనివాడు అదే ఎత్తు నుంచి పడితే పది బస్తాల దెబ్బేనని బోగోలు చుట్టుపక్కల అందరూ నమ్ముతారు. ఈ మాట ఇప్పుడు కొడవలూరు దాకా పాకింది. పోయిన నెల బిట్రగుంట స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు, తూలుతూ మెట్లు దిగుతున్న ఒకాయన్ని చూసి టీ అమ్మే మనిషి ఈ లెక్కే చెప్పి హెచ్చరించాడు. రుజువేమిటని నేను అడిగితే కృపాదానం కథ చెప్పాడు. కృపాదానం సారా తాగి ఆటల పోటీలో గెడతో ఎగిరాడట. అడ్డబద్దకు తగులుకున్నాడట. వెల్లకిలా పడి నడుము విరగ్గొట్టుకున్నాడట.

"ఊరికే చెప్పే మాట కాదు పెద్దాయనా. సైన్సు చెప్పే గంగాధరం సారు ఇనుపగుండు పడేసి మరీ లెక్క కట్టినాడు. ఆయన లెక్కలో తప్పుంటదా?" అన్నాడు.

టీ గ్లాసు తిరిగిచ్చి బల్ల మీదికి వచ్చి కూర్చున్నాను. గంగాధరాన్ని నేనేనని చెప్పలేదు. చెప్పకుండా ఊరుకోవడం నాకు కొత్త కాదు.

నేను ఇరవై మూడేళ్ళు ఒకే హైస్కూల్లో సైన్సు బోధించి, 1967లో రిటైరయ్యాను. ఊరు బోగోలుకు తూర్పున, సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో ఉంది. బడికి కార్యదర్శి పద్మనాభయ్య గారు. వంద ఎకరాల మాగాణి, ఒక బియ్యం మిల్లు ఉన్న మనిషి. ఉపాధ్యాయులను వేసేదీ తీసేదీ ఆయన సంతకమే. ఆయన చెడ్డవాడని నేను అనను. తన ఊరికి, తన బడికి మాట రాకూడదన్నదే ఆయన పట్టుదల. ఆ పట్టుదలకు అడ్డొచ్చిన మనుషులు ఆయనకు కనిపించేవారు కాదు, అంతే.

కృపాదానం బిట్రగుంటలో ఇంజన్లకు బొగ్గు ఎత్తే కూలీ. నివాసం మా ఊరి క్రైస్తవుల పాళెంలో. రోజూ సైకిల్ మీద వెళ్ళి వచ్చేవాడు. చిన్నప్పుడు వరిచేల మధ్య కాలువలను గెడ పాతి దాటడం అలవాటు. ఆ అలవాటే పెద్దయ్యాక ఆట అయింది. నేను బద్ద ఎత్తు కొలిచి చెప్పేదాకా తాను పది అడుగులు దాటుతున్నాడని అతనికి తెలియదు. పనైపోయాక సాయంత్రం బడి మైదానానికి వచ్చి, ముఖాన బొగ్గు మసితోనే వెదురు గెడ పట్టుకొని పరుగు తీసేవాడు. అవతల మోకాలెత్తున వదులు ఇసుక పోసి ఉండేది. దాంట్లో పడక్కుర్చీలో కూలబడినట్టు కూర్చునేవాడు. కాళ్ళ మీద దిగడం అతనికి నచ్చేది కాదు. ఇసుక ఉన్నది ఎందుకని నవ్వేవాడు.

ఒక సాయంత్రం అతను పడిన చోట స్కేలు పెట్టి లోతు కొలిచాను. ఎనిమిది అంగుళాలు.

"ఏంది సార్, నా ముడ్డిగుంట కొలస్తా ఉండారు?" అన్నాడు ఇసుక దులుపుకుంటూ.

"పాఠానికి పనికొస్తుంది. ఎంత దూరంలో ఆగితే అంత తక్కువ దెబ్బ. బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటాం, చూడు. ఆ ఎనిమిది అంగుళాలే నిన్ను కాపాడుతున్నాయి."

"అట్టయితే నాకూ ఒక మార్కు వెయ్యండి, పిలకాయలకు వేసినట్టు."

"వేస్తాలే" అన్నాను.

1958 ఏప్రిల్లో, కోతలు అయిపోయిన తరువాత, పద్మనాభయ్య గారు చుట్టుపక్కల ఊళ్ళను పిలిచి ఆటల పోటీలు పెట్టించారు. నెల్లూరు నుంచి ఒక పెద్ద అధికారి వస్తానన్నారు. గెడ ఎగురుడుకు నన్ను పరీక్షకుడిగా వేశారు. ఎగిరినవాళ్ళు పడే ఇసుక గుంట సరిగా ఉన్నదని చూసి రాయడం, బద్ద ఎత్తు కొలవడం, ఎవరు దాటారో నమోదు చేయడం నా పని.

ఆ ఉదయం మైదానానికి వెళ్ళేసరికి ఇసుక గుట్ట లేదు. గుంట వేదికకు ఎదురుగానే ఉంది. సముద్రపు గాలికి ఇసుక లేచి అధికారి గారి కళ్ళలో పడుతుందని ఎవరో అన్నారట. పైగా పెద్దమనిషి వచ్చే చోట అట్లా గుట్టలు గుట్టలుగా ఉండడం ఎవరికీ బాగనిపించలేదు. మా వైపు ఎవరైనా గౌరవించదగిన మనిషి వస్తున్నాడంటే మొదట చేసే పని ఒకటే: నేల చదును చేయడం, నీళ్ళు చల్లడం, ముగ్గు పెట్టడం. కళ్ళం సిద్ధం చేసినా, వాకిలి సిద్ధం చేసినా అదే పద్ధతి. గుంటకూ అదే చేశారు. ఇసుకను సమం చేసి, నలభై కడవల నీళ్ళు పోసి, కళ్ళం మీద తిప్పే రాతి రోలరు తెచ్చి రెండు ఎడ్లతో పదిసార్లు తొక్కించి, పైన పేడనీళ్ళతో అలికారు. అప్పుడు పద్మనాభయ్య గారి భార్య వెంకటశేషమ్మ గారు తెల్లవారుజాము నుంచి కూర్చొని ఆ గుంట నిండా ఒక తామరపువ్వు ముగ్గు వేశారు. ఎనిమిది రేకులు. ఒక్క గీత కూడా వంకర లేదు. నేను అంతకు ముందూ ఆ తరువాతా అంత చక్కని ముగ్గు చూడలేదు.

పద్మనాభయ్య గారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"గుంట చూసినావా గంగాధరం? ఎట్టుంది?"

"ఇసుక తడిసి బిగుసుకుపోయిందండీ. కొంచెం తవ్వించితే..."

"తవ్వేదానికేముంది, రెండు పారల పని. ముందు ఆయన చూడనీ. ఆ పువ్వు వేసింది ఎవురో తెలుసు గదా నీకు."

తెలుసు. నా చేతిలోని కాగితం పైభాగాన 'గుంట పరిశీలించితిని. సరిగా ఉన్నది' అని రాసి సంతకం చేశాను. అదే నెలలో పదో తరగతికి ఆఘాతం గురించి, అంటే పడినప్పుడు తగిలే దెబ్బ గురించి, పాఠం చెప్పి ఉన్నాను. ఆ వాక్యం రాస్తున్నప్పుడు ఆ పాఠం నాకు జ్ఞాపకం రాలేదని చెబితే అబద్ధమవుతుంది.

కృపాదానం ఉతికిన బనీనుతో వచ్చి గుంట అంచున నిలబడ్డాడు.

"ఏంది సార్ ఇది, గుంటా, పెళ్ళి అరుగా?"

"వెంకటశేషమ్మ గారు వేశారు."

"బాగుంది. ఇసక యాడ సార్?" అంటూ అరికాలితో తట్టి చూశాడు. "రాయి మాదిరి తగలతా ఉంది. ఒక పార ఇప్పించండి, నేనే గుల్ల చేస్తా."

"అధికారి గారు చూసేదాకా ఓపిక పట్టు. నీ వంతు వచ్చేలోపల తవ్విద్దాం."

"మీరు చెప్తే సరే. ఎంతైనా ఇసకే గదా."

"ఇసకేలే" అన్నాను.

అధికారి పదకొండు గంటలకు వచ్చారు. వేరే ఊళ్ళో పని ఉందని, గెడ ఎగురుడు ఒక్కటి చూసి వెళ్తానని అన్నారు. దాంతో పార సంగతి వెనకబడింది. మొదట ఎనిమిది అడుగుల బద్దకు నలుగురు ఎగిరారు. అందరూ కాళ్ళ మీద దిగారు. అందులో ఒకతను మడమ పట్టుకొని కుంటుతూ వచ్చి, "నేల శానా గట్టిగా ఉంది సార్" అన్నాడు. నేను తల ఊపి అతని పేరు పక్కన గుర్తు పెట్టాను. కృపాదానం చిన్న ఎత్తులు వదిలేసి నేరుగా పదిన్నర అడుగులకు ఎగరడం అందరికీ తెలిసిన సంగతే. జనం ఎదురుచూస్తున్నది అందుకే.

అతను పరుగెత్తాడు. వెదురు వంగింది. కాళ్ళు పైకి లేచాయి, నడుము తిరిగింది, చేతులు గెడను వదిలేశాయి. పరీక్షకుడి కన్ను బద్ద మీద ఉండాలి. నా కన్ను బద్ద మీదనే ఉంది. బద్ద కదలలేదు. ఒక్క వణుకు కూడా లేదు. నేను తల ఎత్తి చూస్తూనే అతని పేరు పక్కన 'దాటెను' అని రాశాను. ఆ మాట పూర్తి కాకముందే, లారీ మీద నుంచి బస్తాను నేల మీదికి తోసినట్టు ఒక చప్పుడు వినిపించింది. ఇసుక అట్లాంటి చప్పుడు చేయదు.

కృపాదానం అరవలేదు. "కాళ్ళు యాడున్నాయి?" అని రెండుసార్లు అడిగాడు.

జనంలో నుంచి చిన్నపోలయ్య ముందుకు దూకాడు. జాలర్లుండే పట్టపుపాళెం మనిషి, సముద్రం మీద పడవ నడిపేవాడు, విరిగినవీ బెణికినవీ సరిచేయడంలో కొంత చెయ్యి తిరిగినవాడు. నడుముకు చుట్టిన గుడ్డలో నుంచి ఒక సోడా సీసా తీసి, బిరడా పంటితో లాగి, కృపాదానం వీపు మీద సారా పోసి రుద్దడం మొదలుపెట్టాడు. పట్టపుపాళెంలో నడుముకు దెబ్బ తగిలితే అందరూ చేసేది అదే. వాసన గుప్పున లేచింది. అవి మద్యనిషేధం రోజులు. సీసా దొరికితే జైలు. చిన్నపోలయ్యకు ఆ సంగతి గుర్తొచ్చినట్టుంది, ఖాళీ సీసా గుడ్డలో దాచుకొని జనంలో కలిసిపోయాడు. వాసన మాత్రం అక్కడే ఉండిపోయింది.

అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. "ఇతను తాగి వచ్చాడా?" అని అడిగారు.

పద్మనాభయ్య గారు గుంట వైపు చూశారు. ముగ్గు వైపు చూశారు. "అట్టనే ఉందండీ" అన్నారు.

నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. ఆ పుకారు పుట్టిన ఘడియ అది. ఒక్క మాటతో దాన్ని అక్కడికక్కడే ఆపగలిగిన మనిషిని నేనే. అధికారి కారెక్కారు. కృపాదానాన్ని రెండెడ్ల బండిలో స్టేషనుకు, అక్కడి నుంచి నెల్లూరు ఆస్పత్రికి తీసుకొనిపోయారు. అందరూ పోయాక గుంట దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ స్కేలు పెట్టాను. అతను పడిన చోట లోతు ఒక అంగుళం. ముగ్గులో అతని కింద పడ్డ రేకు చెరిగిపోయింది. ఆ కొలత కూడా కాగితం మీద రాసుకున్నాను.

ఆ సాయంత్రం పద్మనాభయ్య గారు పిలిపించారు. "ఆ కాయితం నీ దగ్గరే ఉండనీ. ఎవురికీ చూపించబాక. గుంట బాగుందని రాసింది నువ్వే గదా. రేపు ఎవురైనా అడిగితే నీకే చిక్కు" అన్నారు. గొంతులో బెదిరింపు లేదు. నా మేలు కోరి చెప్పినట్టే చెప్పారు.

మూడు నెలల తరువాత కృపాదానం మంచం మీద ఊరికి వచ్చాడు. నడుము దగ్గర వెన్నుపూస నలిగిపోయింది, కాళ్ళు ఇక రావు. అప్పటికి ఊరంతా ఒకే మాట అంటోంది. తాగి ఎగిరినాడు, బద్దకు తగులుకున్నాడు, పడినాడు.

అతని సంఘంలో తాగినవాడిని ప్రభువు బల్లకు దూరం పెడతారు. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పళ్ళెంలో పెట్టి వరుసగా అందిస్తారు. పెద్దలు కూర్చొని విచారించి, తప్పు ఒప్పుకొనేదాకా కృపాదానానికి ఆ పళ్ళెం అందించకూడదని తీర్మానించారు. తాగలేదు కనుక అతను ఒప్పుకోలేదు. మొదటి ఆదివారం నలుగురు అతని మంచం మోసుకొచ్చి ప్రార్థన గుడిలో దించారు. పళ్ళెం అతని తల మీదుగా ఇవతలి చేతి నుంచి అవతలి చేతికి పోయింది. నేను అక్కడ లేను. అతని భార్య కరుణాకుమారి వచ్చి చెప్పింది.

"సారూ, ఆయన తాగడు. పెళ్ళైన కాడి నుంచి ఆ వాసన నేనెరగను. మీరు పక్కనే ఉండినారు."

"ఉన్నానమ్మా."

"కాళ్ళు పోయినాయని ఆయన ఏడవలా. పళ్ళెం దాటిపోయిన పొద్దు ఏడిచినాడు. మా పెద్దల కాడికి వచ్చి ఒక్క మాట చెప్పండి సారూ. మీరు చెప్తే నమ్ముతారు."

నాకు ఆ బల్ల మీద నమ్మకం లేదు. ఏ దేవుడి బల్ల మీదా లేదు. గోరంత రొట్టెముక్క, ఒక గుక్క రసం. కానీ కాళ్ళు లేని మనిషికి ఈ లోకంలో కావలసింది అదొక్కటే అయినప్పుడు, దాని విలువ నిర్ణయించడానికి నేనెవరిని? అంతవరకు సరిగానే ఆలోచించాను. ఆ తరువాతే తప్పుదారి పట్టాను.

"ఒక్క మాట ఎవరైనా చెబుతారమ్మా. నేను రుజువు చేసి చూపిస్తాను" అన్నాను.

ముందు చిన్నపోలయ్య దగ్గరికి వెళ్ళాను. ఒడ్డున పడవ నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. వీపున సారా పోసింది తానేనని పెద్దల ముందు చెప్పమన్నాను.

"చెప్తే సీసా యాడిదంటారు. ఎవుడు కాసినాడంటారు. నలుగురు బిడ్డలోణ్ణి సారూ." సూది ఆపి నన్ను చూశాడు. "నేను పోసింది మీరు చూసినారు గదా. మీరే చెప్పండి. చూసినోడికి జైలు లేదు గదా?"

చూశానని చెబితే తరువాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. తాగకపోతే ఎందుకు పడ్డాడు? గుంట ఎట్లా ఉంది? ఎవరు పరీక్షించారు? కాగితం ఏది? ఆ కాగితంలో కృపాదానాన్ని కాపాడే మాట, నన్ను పట్టిచ్చే మాట ఒకే చేతిరాతలో ఉన్నాయి. ఒకదాన్ని చించి రెండోదాన్ని చూపించే వీలు లేదు. అందుకని సాక్షిగా కాకుండా శాస్త్రజ్ఞుడిగా వెళ్ళాను. లెక్కకు ఎవరి సంతకమూ అక్కరలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం, కూడిక ముగిశాక, గుడి ఆవరణలో రెండు గుంటలు తవ్వించాను. ఒకదాంట్లో వదులు ఇసుక పోయించాను. రెండోదాంట్లో అదే ఇసుక పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టించాను. నిచ్చెన వేసి, పది అడుగుల ఎత్తు నుంచి పదహారు పౌన్ల ఇనుపగుండును ఒకదాంట్లో వదిలాను. సగానికి పైగా దిగబడిపోయింది. రెండోదాంట్లో వదిలాను. దిమ్మిస దెబ్బ లాంటి చప్పుడు చేసి, అంగుళం లోతు చేసి, పక్కకు దొర్లింది. జనం 'ఆ' అన్నారు. కృపాదానం మంచం మీద నుంచి తల ఎత్తి చూస్తున్నాడు.

గుడి గోడ మీద సుద్దముక్కతో లెక్క వేశాను. మనిషి ఇనుపగుండు కాడు, అతని ఒళ్ళు కూడా రెండు అంగుళాలు ఇస్తుందనుకుందాం అన్నాను. వదులు ఇసుకలో ఎనిమిది అంగుళాలు, ఒంటికి రెండు, మొత్తం పది అంగుళాలలో ఆగుతాడు. పడిన ఎత్తు నూట ఇరవై అంగుళాలు. ఎత్తును, ఆగే దూరాన్ని కలిపి ఆగే దూరంతో భాగిస్తే పదమూడు. అంటే అతని బరువుకు పదమూడు రెట్ల సగటు బలం. గట్టి ఇసుకలో అంగుళం, ఒంటికి రెండు, మొత్తం మూడు. అదే లెక్కన నలభై ఒక్క రెట్లు. మనిషి బరువు నూట ముప్పై పౌన్లు. ఈ అంకెలు ఎవరికీ ఎక్కడం లేదని తెలిసి, బస్తా నూట అరవై అయిదు పౌన్ల లెక్కన బస్తాల్లోకి మార్చాను. వదులు ఇసుకలో పది బస్తాలు. గట్టి ఇసుకలో ముప్పై రెండు.

"ముప్పై రెండు బస్తాలా!" అన్నారెవరో వెనక నుంచి.

నాకు గర్వంగా ఉండింది. దాచడం ఎందుకు.

సంఘ పెద్ద సమాధానం గారు ముసలాయన, వడ్రంగం పని చేసి చేసి కొలతలు బాగా తెలిసినవాడు. గోడ మీద అంకెలన్నీ మెల్లగా చదివి నా వైపు తిరిగారు.

"శానా బాగా చెప్పినారు సారూ. ఇసక గట్టిదని ఒప్పుకుంటాం. గట్టి ఇసక మీద పడితే నడుం పోతుందనీ ఒప్పుకుంటాం. కానీ ఆయన తాగలేదని ఇసక చెప్పదు గదా."

నేను చేతికంటిన సుద్ద దులుపుకున్నాను.

"మాకు కావలసింది ఒకటే. తూలినాడా, లేదా. బద్దకు తగులుకున్నాడని ఊరంతా అంటా ఉంది. మీరు దగ్గరే ఉండినారు. బద్ద పడిందా, పడలేదా?"

కరుణాకుమారి మంచం కోడు పట్టుకొని నిలబడి ఉంది. ఆ క్షణంలో నేను చెప్పవలసినవి రెండే మాటలు. వాటికి సూత్రం అక్కరలేదు, నిచ్చెన అక్కరలేదు.

"ఆ సమయంలో నేను గుంట వైపు చూస్తున్నాను" అన్నాను. "బద్ద సంగతి గమనించలేదు."

సమాధానం గారు తల ఊపారు. తీర్మానం మారలేదు.

జనం వెళ్ళిపోయాక ఇనుపగుండు గోనెసంచిలో వేసుకుంటుంటే కృపాదానం పిలిచాడు. మంచం దగ్గరికి వెళ్ళాను.

"నేను పైనుంచి చూసినా సార్" అన్నాడు నెమ్మదిగా. "బద్ద దాటేటప్పుడు కిందికి చూస్తాం గదా. మీ తల పైకే ఉంది."

నేను సంచి మూతి కట్టుకుంటూ ఉండిపోయాను.

"పోనీలెండి. ఉద్యోగమున్నోళ్ళు." దుప్పటి సర్దుకుంటూ, "నాకు ఒక మార్కు వేస్తానన్నారు, గుర్తుందా?" అని ముఖం అటు తిప్పుకున్నాడు.

వారం తిరగకముందే పద్మనాభయ్య గారి ఇంటి నుంచి కబురు వచ్చింది. పిలిచింది ఆయన కాదు. వెంకటశేషమ్మ గారు వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉన్నారు.

"గుడి కాడ ఏదో లెక్క చెప్పినావంట. నా ముగ్గు వల్లనా గంగాధరం?"

ఊరు మొత్తంలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

"ముగ్గు వల్ల ఎవరికీ ఏమీ కాదమ్మా" అన్నాను. మాట నిజమే. ఆమె అడిగింది అది కాదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఆ తరువాత ఆమె మైదానం వైపు రాలేదు.

లెక్క మాత్రం నన్ను వదిలి తన దారిన తాను పోయింది. దసరా నాటికి ఊళ్ళో గట్టి ఇసుక, వదులు ఇసుక అన్న మాటలు రాలిపోయాయి. పది, ముప్పై రెండు మిగిలాయి. రెండు అంకెలున్నప్పుడు ఇద్దరు మనుషులు కావాలి గనుక, ఒకటి తాగినవాడిది, ఒకటి తాగనివాడిది అయింది. నేను వేసిన నిచ్చెన ఎక్కి ఆ పుకారు ఇంకొంచెం ఎత్తుకు పోయింది. దాన్ని ఖండించమని నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోయినా ఖండించవచ్చునని ఇప్పుడు రాయడం తేలిక.

కృపాదానం 1963లో పోయాడు. అయిదేళ్ళలో అరవై మొదటి ఆదివారాలు. కొన్నిటికి మంచం మోసేవాళ్ళు దొరికారు, కొన్నిటికి దొరకలేదు. పోయిన ప్రతిసారీ పళ్ళెం అతని మీదుగానే దాటింది. సమాధుల దొడ్డిలో చోటిచ్చారు గానీ, సంఘం తరఫున పాట పాడలేదు. కరుణాకుమారి ఒక్కతే పాడిందట. నేను ఆ రోజు బళ్ళో పరీక్షలు ఉన్నాయని వెళ్ళలేదు.

నేను రిటైరవడానికి ముందు సంవత్సరమే పద్మనాభయ్య గారు కాలం చేశారు. నన్ను ఎవరూ తీసేయలేరు. ఇప్పుడు నిజం చెప్పడానికి ధైర్యం అక్కరలేదు. అట్లాంటి సమయంలో, పోయిన నెలలో, పెట్టె అడుగు నుంచి ఆ కాగితం తీసుకొని బిట్రగుంటలో ఉంటున్న కరుణాకుమారి దగ్గరికి వెళ్ళాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. కాగితం అందుకొని, వెలుగు వైపు తిప్పి, మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"ఇన్నాళ్ళు ఇది యాడ ఉండింది సారూ?"

"నా పెట్టెలో."

ఆమె కాగితాన్ని మడతల ప్రకారమే మడిచి నా చేతికిచ్చి, మళ్ళీ చేట ఒళ్ళోకి లాక్కుంది. నేను స్టేషనుకు వచ్చి టీ తాగాను. మిగిలిన సంగతి మొదట్లోనే చెప్పాను.

కాగితం నా ముందు ఉంది. సిరా కొంచెం గోధుమరంగుకు తిరిగింది, అక్షరాలు చెదరలేదు. పైన నా సంతకం: గుంట పరిశీలించితిని, సరిగా ఉన్నది. కింద ఎనిమిది అడుగులు దాటిన నలుగురి పేర్లు. అయిదో వరుసలో, సారా సీసా బిరడా ఊడకముందే, నేను బద్దను చూస్తూ రాసినది ఇది:

కృపాదానం. పదిన్నర అడుగులు. మొదటి ప్రయత్నం. దాటెను.